ముక్కల మార్పిడికి నాలుగు చుక్కలు

ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయలుదేరుతుంటే, ఎదురింటాయన అరుగు మీది నుంచి "ముక్కలకేనా?" అని అడుగుతారు. "అవునండీ" అంటాను. యాభై నాలుగేళ్ల మనిషి ఆదివారం పూట ముక్కలకు వెళ్తున్నాడంటే విజయవాడలో ఎవరేమనుకుంటారో నాకు తెలియక కాదు. మొదట్లో వివరించి చూశాను. పేక కాదండీ, పేక ముక్కంత అట్ట మీద చేత్తో బొమ్మ వేసి, దాన్ని ఇంకొకరు వేసిన బొమ్మతో మార్చుకుంటామండీ అని. "డబ్బులెంత పెడతారు?" అన్నారు. పైసా పెట్టమన్నాను. అప్పుడు ఆయన నా వంక చూసిన చూపు కంటే, పేకాటరాయుడిని అనిపించుకోవడమే నయమనిపించింది.

మొగల్రాజపురంలో ఒక మేడ మీద నడిచే ఈ చిట్టి బొమ్మల బృందంలో 2024 ఏప్రిల్ నుంచి ఉన్నాను. చేరదామా వద్దా అని నన్ను అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు కాబట్టి, మంచీ చెడూ ఒకచోట రాసి పెడుతున్నాను. నాది సత్యనారాయణపురంలో మందుల షాపు. ఏ వస్తువు చేతిలోకి వచ్చినా వెనక్కి తిప్పి తయారీ తేదీ, గడువు తేదీ, ధర చూడటం ముప్పై ఏళ్ల అలవాటు. ఈ సమీక్ష కూడా ఆ అలవాటుతోనే రాస్తున్నాను. అయిదుకు నాలుగు చుక్కలు. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో వరసలో వస్తుంది.

ముందు లెక్క. చేరేటప్పుడు 500 రూపాయలు, అందులో 300 సామాను పెట్టెకు. ఆ తర్వాత నెలకు 150. దానికి పది నుంచి పన్నెండున్నర వరకు బల్ల మీద చోటు, ఒక టీ, పొట్లంలో పునుగులు, అల్లం చట్నీ. ముక్కలన్నీ సంచుల్లోకి వెళ్లాక గానీ పునుగుల పొట్లం విప్పకూడదు. ఇక్కడ అన్నిటికంటే కచ్చితంగా అమలయ్యే నియమం ఇదే. నూనె మరక పడిన ముక్కను చూసినవాళ్లు పక్కకు తప్పుకుంటారు. రాలేకపోయిన నెలకు డబ్బు అడగరు. రసీదు మాత్రం ఇవ్వరు. పొద్దస్తమానం బిల్లులు రాసే చేయి కాబట్టి నాకది కొంచెం గుచ్చుకుంటుంది.

మిగతా నియమాలు తక్కువే. ముక్క కొలత 2.5 × 3.5 అంగుళాలు, అంటే 64 × 89 మిల్లీమీటర్లు. వెనక వేసినవారి పేరు, ఊరు, తేదీ ఉండాలి. ఒకే బొమ్మను కొన్ని ప్రతులుగా వేస్తే ఎనిమిదిలో ఎన్నోదో రాయాలి, 3/8 అని. బ్యాచ్ నంబరు లాంటిదన్నమాట, నాకు వెంటనే అర్థమైంది. అన్నిటికీ మించి, అమ్మకూడదు, కొనకూడదు. ముక్కకు ముక్క, అంతే. కొత్తవారు వచ్చిన ప్రతిసారీ నిర్వాహకురాలు ఈ ఆట పుట్టుక చెబుతుంది. ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో! 1997లో స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో వాంచి స్టిర్నెమాన్ అనే కళాకారుడు చేత్తో 1200 ముక్కలు చేసి ఒక పుస్తకాల దుకాణంలో ప్రదర్శనకు పెట్టాడు. చివరి రోజున, కావలసినవారు ఇదే కొలతలో తమ ముక్కలు చేసుకొస్తే మార్చుకోవచ్చన్నాడు. అక్కడి నుంచి కెనడాలోని కాల్గరీకి డాన్ మేబీ అనే ఇంకో కళాకారుడు పట్టుకుపోయాడు. అమెరికా పిల్లలు ఆటగాళ్ల బొమ్మలున్న అట్టలను మార్చుకుంటారు చూడండి, కొలత వాటిదే. ఇదే కొలతలో అమ్ముకోవడానికి వేసే బొమ్మలూ ఉన్నాయి, వాటిని ఏసీఈఓలు అంటారు. ఒక ఆదివారం ఒకాయన ముక్క 200 అంటూ వాటిని పరిచి కూర్చున్నాడు. నిర్వాహకురాలు గొంతు పెంచకుండా, ఆయనకు టీ ఇచ్చి, "ఇది ఆ బల్ల కాదండీ" అని సర్ది చెప్పి పంపింది. అలా పంపడం నాకు చేతకాదు. షాపులో అప్పు అడిగేవాళ్లను కూడా నేనింత బాగా పంపలేను.

ఇంతా విని, ముక్క మీద చేత్తో బొమ్మ వేయడం స్విట్జర్లాండు వాళ్లు కనిపెట్టారనుకోకండి. మన దేశంలో గంజీఫా ఉంది. గుండ్రటి పేక ముక్కలు, ఒక్కొక్కటీ చేత్తో వేసినదే. మొగలుల పద్ధతిలో కట్టకు 96, దశావతారాల పద్ధతిలో అవతారానికి 12 చొప్పున 120. మహారాష్ట్రలోని సావంత్‌వాడిలో ఇప్పటికీ వేస్తున్నారు, ఒడిశాలో గంజప అంటారు. వాటితో నిజంగానే పేకాట ఆడేవారు. ఆ లెక్కన ఎదురింటాయన అనుమానం పూర్తిగా తప్పని కూడా అనలేను.

ఇక మార్పిడి ఎలా జరుగుతుందంటే, పాత వార్తాపత్రికలు పరిచిన రెండు పొడుగు బల్లల మీద అందరూ తమ ముక్కలను వరసగా పేరుస్తారు. మొదటి ఇరవై నిమిషాలు ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్లిలో వడ్డనకు ముందు విస్తళ్ల వరస చూసుకునే పెద్దల్లాగా చుట్టూ తిరుగుతాం. తర్వాత చిన్న గంట కొడతారు. అప్పటి నుంచి ఎవరికి కావలసిన ముక్క దగ్గరికి వాళ్లు వెళ్లి, నాది ఇస్తాను, మీది ఇస్తారా అని అడగడమే. వద్దనవచ్చు. వద్దంటే ఎందుకని అడగకూడదు.

నా మొదటి ఆదివారం ఎనిమిది ముక్కలు పట్టుకెళ్లాను. మందుల అట్టపెట్టెలు విప్పి, కొలతకు కోసి, లోపలి తెల్ల వైపున నల్ల ఇంకు పెన్నుతో గాంధీ కొండ వేశాను. షాపులో ఆ అట్టలు రోజూ బుట్టెడు పోగవుతాయి. పెన్నుకు అంత అనువైన అట్ట డబ్బు పెట్టి కొన్నా దొరకదు. గంట కొట్టగానే నా దగ్గరికి వచ్చిన మొదటి మనిషికి తొమ్మిదేళ్లు. ఒక ముక్క తీసి, కొండను చాలాసేపు చూసి, వెనక్కి తిప్పింది. పిల్లలకు కూడా నా అలవాటే ఉందని సంతోషించేలోపే వెనక అచ్చయి ఉన్న ఇంగ్లీషును కూడబలుక్కుని చదివింది.

"తాతయ్యా, దీన్ని పిల్లలకు అందకుండా ఉంచమని రాసుంది. నాకెలా ఇస్తారు?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. తాతయ్యా అన్నందుకు ఒకటి, అట్ట వెనక్కి తిప్పి చూసుకోనందుకు ఒకటి, నాకు రెండు దెబ్బలు.

"అది మందు గురించి అమ్మా. బొమ్మకు వర్తించదు."

"మరి మీ పేరేదీ?"

పేరు రాయడమూ మరిచాను. జేబులోంచి పెన్ను తీసి ఆ మందు పేరు కిందే నా పేరు, సత్యనారాయణపురం, తేదీ, 1/8 రాశాను. ఆ పిల్ల చదువుకుని, తల ఊపి, తన వరసలోంచి ఒక ముక్క ఇచ్చింది. ఆకుపచ్చ బల్లి, కంటికి జాకెట్టు మీద కుట్టే చెంకీ. ఇంటికి వెళ్లాక మా ఆవిడ అన్ని ముక్కలూ చూసి, దాన్ని మాత్రం రెండోసారి అడిగి తీసుకుంది. నా ఆల్బమ్ మొదటి జేబులో ఇప్పటికీ ఆ బల్లే ఉంది. ఆ తర్వాత నేను అట్టపెట్టె వాడినప్పుడల్లా ఏ మాటలు వెనక్కి వస్తాయో చూసుకునే కోస్తున్నాను. "బాగా కుదిపి వాడండి" అన్న ముక్కకు గిరాకీ ఎక్కువ.

ఇప్పుడు సామాను పెట్టె. కోసిన చుక్కలో సగం దీనికే. 300 రూపాయలకు ఇరవై ముక్కలు, ఒక నల్ల పెన్ను, జేబులున్న ప్లాస్టిక్ కాగితాలు రెండు ఇచ్చారు. పెన్నుకు 20, ప్లాస్టిక్కుకు 40 తీసేస్తే ముక్క 12 రూపాయలు పడింది. నీటి రంగులకు పనికొస్తుందన్నారు. చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే కాగితం. తడి కుంచె తగలగానే నూనెలో వేసిన అప్పడంలా లేచి కూర్చుంది. పైగా పొడవు 91 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్లే కదా అంటారేమో, ప్లాస్టిక్ జేబు 90 దగ్గర ఆగిపోతే మిగిలిన 1 మిల్లీమీటరు బయటికి తొంగి చూస్తుంది. చెప్పగా చెప్పగా ఈ మధ్య కొలత సరిచేశారు. మందం మాత్రం పాతదే. కాబట్టి చేరండి గానీ పెట్టె కొనకండి. అడిగితే 200 తీసుకుని పెట్టె లేకుండా కూడా చేర్చుకుంటారు, అడగనివారికి చెప్పరంతే.

దానికి బదులు ఏం చేయాలో చెబుతాను, ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న విద్య. ఏ4 కాగితమైతే ఇంట్లో స్కేలు, బ్లేడు చాలు, నిలువుగా మూడు, అడ్డంగా మూడు, తొమ్మిది ముక్కలు వస్తాయి. మంచి ముక్కలు కావాలంటే 300 గ్రాముల పెద్ద షీటు తీసుకోవాలి, 22 × 30 అంగుళాలది. నేను 150 పెట్టి కొన్నాను. ముందు రోజు రాత్రే లెక్క కట్టుకున్నాను. 22లో రెండున్నరలు ఎనిమిది, 30లో మూడున్నరలు ఎనిమిది, మొత్తం 64. ఆ లెక్క కాగితం మీద రాసుకుని వన్‌టౌన్‌లో ఒక బైండింగు షాపుకు వెళ్లాను. లోపల శుభలేఖల తరుగు గుట్టలు, మైదా జిగురు వాసన, మధ్యలో ఏనుగంత కటింగ్ మిషను. దాని దగ్గర డెబ్బై ఏళ్ల పెద్దాయన.

"ఏం సైజు బాబూ?"

"రెండున్నర, మూడున్నర."

"పేక ముక్కలా?"

నేనేమీ అనలేదు. ఆయన నా లెక్క కాగితం చూసి, మడిచి, నా జేబులోనే పెట్టారు. షీటును బల్ల మీద ఇటు నుంచి అటు తిప్పారు.

"ఇరవై రెండులో మూడున్నరలు ఆరు. ముప్పైలో రెండున్నరలు పన్నెండు. డెబ్బై రెండు. పక్కన అంగుళం పట్టీ మిగులుతుంది, అది పుస్తకంలో గుర్తుకు పెట్టుకోండి."

ఎనిమిది ముక్కలు ఒక్క మలుపులో. మందులు లెక్కపెట్టి బతికేవాడిని, నాకు తట్టలేదు. తర్వాత ఆయన స్కేలు ఆనించి షీటు చివర మళ్లీ కొలిచారు. కొన్ని కంపెనీల షీటు 76 సెంటీమీటర్లే ఉంటుందట, అంటే 30 అంగుళాలకు 2 మిల్లీమీటర్లు తక్కువ. అప్పుడు పన్నెండో వరస సన్నబడి పనికిరాదు, 66తో సరిపెట్టుకోవాలి. నాది నిండు 30 వచ్చింది. కత్తి గీత పడకుండా పైన ఒక అట్ట, కింద ఒక అట్ట పెట్టి, చక్రం తిప్పి బిగించి, మీట లాగారు. కసక్‌మని ఒకే చప్పుడు. కోసిన అంచు మీద బొటనవేలు ఒకసారి పోనిచ్చి, పిప్పి లేదని తేల్చుకున్నాకే తర్వాతి కోతకు వెళ్లారు. ప్రతి కోతకూ అలాగే. కోత కూలి 20 తీసుకున్నారు. ముక్క 2 రూపాయల 36 పైసలు. ఆ షాపుకు నా అయిదు చుక్కలూ. మిగిలిన శుభలేఖల తరుగు గుప్పెడు ఉచితం. బంగారు రేకు వినాయకుడు ఎక్కడో ఒకచోట తల దాకా తెగి ఉంటాడు, బొమ్మలో అతికించుకోవచ్చు. అతికించడానికి వారి మైదా జిగురే అడిగి తెచ్చుకోండి, పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలుపుతారు.

జాగ్రత్త చెప్పవలసినది ఇంకొకటి. ఆక్రిలిక్ రంగులతో వేసిన ముక్కను మే నెల విజయవాడలో ప్లాస్టిక్ జేబులో నేరుగా పెట్టకండి. నావి మూడు అతుక్కుపోయాయి. లాగితే బొమ్మ ప్లాస్టిక్కుతో వచ్చింది, అట్ట నా చేతిలో మిగిలింది. మధ్యలో బటర్ పేపరు ముక్క ఒకటి పెడితే చాలు.

నా తప్పు కూడా రాయాలి కదా. రంగులు కొనడం ఎందుకు, షాపు నిండా రంగులే కదా అనుకున్నాను. కాగితంలో గంజి ఉంటుంది, దాని మీద టింక్చర్ అయోడిన్ పూస్తే కారునలుపు నీలం వస్తుంది. ఎంత అందమైన నీలమంటే, కృష్ణ మీద రాత్రి ఆకాశానికి అంతకు మించిన రంగు ఏ డబ్బాలోనూ లేదు. సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్కా వదిలి ఎనిమిది రాత్రులు వేశాను. ఎనిమిదీ క్షణాల్లో మార్పిడికి పోయాయి. మర్నెల మా బృందంలోని రిటైరైన రైల్వే గార్డు గారు ఆల్బమ్ విప్పి నా ముందు పెట్టారు.

"మీ రాత్రి తెల్లవారిపోయిందండీ."

నిజమే. అయోడిన్ గాలిలో కలిసిపోయి, ఆకాశం పలచటి టీ రంగుకు దిగింది. గడువు దాటిన సరుకు వెనక్కి తీసుకోవడం మా వృత్తి ధర్మం కాబట్టి, ఎనిమిదింటికీ మారు ముక్కలు వేసి ఇచ్చాను. ఆరుగురు తీసుకున్నారు. గార్డు గారు మాత్రం తెల్లవారినవే బాగున్నాయని తన దగ్గరున్న రెండూ అలాగే ఉంచుకున్నారు. జెన్షియన్ వయొలెట్ కూడా వెలుతురుకు నిలవదు. పొటాషియం పర్మాంగనేటు మంచి మట్టి రంగు ఇస్తుంది గానీ కాగితాన్ని తినేస్తుంది. ఎవరూ ప్రయత్నించనక్కర్లేదు.

ఆ గార్డు గారి ముక్కల కోసమే వచ్చేవారున్నారు. పాత అట్ట రైలు టిక్కెట్టు ఒకటి మధ్యలో అతికించి, దాని చుట్టూ ఆ స్టేషను వేస్తారు. అట్ట టిక్కెట్టు పొడవు రెండుంపావు అంగుళాలు, వెడల్పు ఒకటింపావుకు కొంచెం తక్కువ, కాబట్టి బొమ్మకు మిగిలేది అంచు మాత్రమే. ఆ అంచులోనే ప్లాట్‌ఫారం, కుళాయి, నిద్రపోతున్న కుక్క. పదో తరగతి అబ్బాయి ఒకడు బస్సులే వేస్తాడు, అదీ పల్లె వెలుగు మాత్రమే. బోర్డు మీద ఊరి పేరు చదవగలిగేలా ఉంటుంది. పరీక్షల నెలల్లో వాళ్లమ్మ గారు వాడి ముక్కలు తెచ్చి, వాడు రాసిచ్చిన చీటీ ప్రకారం మార్పిడి చేసుకుని వెళ్లారు. ఇంజనీరింగు చదివే అమ్మాయి ఒకరు ప్రకాశం బ్యారేజీ మొత్తాన్ని ఒక్క ముక్క మీద పట్టించింది. 1223 మీటర్ల బ్యారేజీ మూడున్నర అంగుళాల్లో. తలుపులు 70 ఉన్నాయా అని మందుల మీద గడువు తేదీలు చదివే భూతద్దంతో లెక్కపెట్టాను. 68.

"రెండు తక్కువమ్మా."

"మీ బొటనవేలి కింద ఉన్నాయి అంకుల్."

వేలు తీస్తే ఉన్నాయి. ఒక్కో తలుపుకు మిల్లీమీటరున్నర కూడా లేదు. ఆ ముక్క కోసం నేను రెండు ఇస్తానన్నాను. కుదరదు, ముక్కకు ముక్కే. నా వరసలో అయోడిన్ రాత్రులే ఉన్నాయి ఆ రోజు. అమ్మాయి ఒకటి తీసుకుంది. నా జీవితంలో నేను చేసిన అన్యాయమైన బేరాల్లో అదొకటి.

ముగ్గులు వేసే ఆవిడ గురించి చెప్పకుండా ఈ సమీక్ష ముగియదు. ఆవిడ ముక్కను ముందు ఎర్రమట్టితో అలుకుతారు, ఆరాక తెల్ల ఇంకుతో చుక్కలు పెడతారు. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వరకు. అంటే 37 చుక్కలు. వాటి చుట్టూ మెలికలు ఒక్క గీత తెగకుండా. ప్రతి బొమ్మా ఎనిమిది ప్రతులు వేసి, 1/8 తన దగ్గర ఉంచుకుని మిగిలినవి మార్చుకునేవారు. ఇప్పుడు మేమంతా చేసే పనే అది, మొదటిది మనకు. ఆవిడ ఇల్లు సింగ్ నగర్‌లో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చి పడినప్పుడు ఆ ఇంట్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఎర్రమట్టి, నీటి ఇంకు, అట్ట. ఆల్బమ్ విప్పితే ప్లాస్టిక్ జేబుల్లో గోధుమ రంగు ముద్ద తప్ప ఏమీ లేదట.

అక్టోబరులో ఆవిడ ఖాళీ చేతులతో వచ్చారు, చూసి పోదామని. మాకు ముందే ఫోన్లు వచ్చాయి. ఎవరి దగ్గరున్న ఆవిడ ముక్కలు వాళ్లు తెచ్చి, ఆ రోజు ఒక బల్ల మొత్తం వాటికే వదిలాం. 31 తేలాయి. నా దగ్గర నాలుగు, అన్నీ నాకు ఇష్టమైనవే. నిజం చెప్పాలంటే తీసుకొచ్చేటప్పుడు, ఒకటి ఇంట్లో ఉంచుకుంటే ఎవరికి తెలుస్తుందని బస్సులో అనుకున్నాను. ఆవిడ ఇరవై నిమిషాలతో ఆగలేదు, చాలాసేపు తిరిగారు. ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి, 3/8, 6/8 అని చదువుకుంటూ. అన్నీ మీవే, తీసుకోండి అని నిర్వాహకురాలు అంది.

"వద్దమ్మా, మీ దగ్గరే ఉండనివ్వండి. మాది పల్లం" అన్నారావిడ.

అప్పటి నుంచి ఆవిడ 1/8 కూడా ఎవరో ఒకరికి ఇచ్చేస్తారు. నేను మాత్రం నా మొదటిది ఇంకా దాచుకుంటూనే ఉన్నాను. మాది కొంచెం మెరక.

కోసిన చుక్కలో మిగతా సగానికి కారణాలు. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఒకవైపే కడ్డీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోండి. హాల్లో నాలుగు ఫ్యాన్లలో ఒకటి తిరగదు, ఇంకొకటి తిరిగితే ముక్కలు ఎగిరిపోతాయి. నెల నెలా ఒక అంశం ఇస్తారు, దాన్ని చేతులెత్తి ఎన్నుకుంటారు, అందువల్ల పువ్వులు నాలుగుసార్లు వచ్చాయి. తాళం అన్న నా అంశానికి ఇప్పటిదాకా నా చెయ్యొక్కటే లేచింది. ఇంకో పెద్ద ఫిర్యాదు ఉంది. ఈ మధ్య ఒకరిద్దరు కంప్యూటర్‌లో తీసిన బొమ్మ అచ్చు వేసి, మీద రెండు గీతలు గీసి తెస్తున్నారు. నిర్వాహకురాలు కాదనడం లేదు, గీతలు చేత్తోనే గీశారు కదా అంటుంది. నేను తీసుకోను. అచ్చు పెట్టెలు నాకు షాపులోనే కావలసినన్ని ఉన్నాయి.

బొమ్మలు రానివారు రావచ్చా అంటే రావచ్చు. తొమ్మిదేళ్ల పిల్ల బల్లికీ, ఇరవై ఏళ్లుగా వేస్తున్నవారి ముక్కకూ ఇక్కడ ఒకటే మారకం. తన బొమ్మ అంత కష్టపడి వేశాను కదా అని బల్ల దగ్గర లెక్కగట్టేవారు మొదటి నెల ముఖం ముడుచుకుంటారు, రెండో నెల రారు. వాళ్లు రాకపోవడం వల్ల హాలుకు నష్టం కలగలేదు. వెళ్లేవారు ఎనిమిది ముక్కలు, ఒక పెన్ను, 150కి చిల్లర పట్టుకెళ్లండి. అయిదు వందల నోటు ఇస్తే పునుగులు చల్లారేదాకా చిల్లర తిరిగి రాదు.

ఆ రెండున్నర గంటలూ షాపులో కూర్చునేది మా బావమరిది. మొదట్లో గొణిగేవాడు. పోయిన నెల నేను తిరిగి వచ్చేసరికి, ఆ రోజు తెచ్చిన ముక్కలన్నీ కౌంటరు మీద పరిపించుకుని చూశాడు. పల్లె వెలుగు బస్సు దగ్గర ఆగాడు. బోర్డు మీద వాళ్ల ఊరి పేరుంది.

"ఇది నాకివ్వు బావా."

"ఇవ్వడం లేదురా. మార్చుకోవడమే."

వాడు అటూ ఇటూ చూశాడు. బుట్టలోంచి దగ్గు మందు అట్టపెట్టె తీసి విప్పాడు, కొలత అడిగి కత్తెరతో వంకరగా కోశాడు, బిల్లు రాసే పెన్నుతో షాపు షట్టరు వేశాడు. సగం దించిన షట్టరు, దాని కింద రెండు కాళ్లు. ఎవరివి అన్నాను. "నువ్వే, ఆదివారం పారిపోతున్నావు" అన్నాడు. వెనక పేరు, తేదీ రాయించాను. 1/1. బస్సు వాడి జేబులో పడింది.